రొమ్ము గడ్డల కాఠిన్య పరీక్ష: హస్తస్పర్శనుండి అతిధ్వని తరంగమువరకు

రొమ్మునందు గడ్డ యొకటి చేతికి తగిలినప్పుడు వైద్యుడు మొదట తెలిసికొనగోరునది అది మెత్తనిదా, గట్టిదా యనునదియే. అది వ్రేళ్ళక్రింద కదలుచున్నదా, పట్టుకొని నిలిచియున్నదా, అంచులు నున్ననివా, గరుకైనవా యను ప్రశ్నలు పిమ్మట వచ్చును. గడచిన ముప్పది నలుబది యేండ్లలో ఆ మొదటి ప్రశ్నను యంత్రముచేత అడిగించి, సమాధానమును రంగులలోను అంకెలలోను రాబట్టు విద్య యొకటి వృద్ధిపొందినది. దానికి అల్ట్రాసౌండు ఎలాస్టోగ్రఫీ యని పేరు. తెలుగున అతిధ్వని స్థితిస్థాపకతా చిత్రణము అనవచ్చును గాని, ఆ పేరు పలుకుటకన్న పరీక్ష చేయించుకొనుటయే సులభము. కావున ఎలాస్టోగ్రఫీ యనియే వాడుదును.

ఈ పరీక్ష పుట్టుక యెట్టిది, దాని పూర్వచరిత్రలో తెలుగువారి పాలెంత, చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాల స్త్రీలకు దానివలన ఒనగూడు మేలెంత, దానివలన కానిదెంత యను విషయములను ఇచట విచారింపదలచితిని.

ఈ మూడు తాలూకాలు పూర్వము కోలారు జిల్లాలోనివి. 2007లో చిక్కబళ్ళాపురము ప్రత్యేక జిల్లా యైనది. కచేరీ భాష కన్నడము. ఇంటి భాష పెక్కు గ్రామములలో తెలుగు. బాగేపల్లి సీమలో తెలుగే ప్రధానము. చింతామణి తాలూకా కైవారమునందలి నారాయణ తాతయ్య ఈ రెండు భాషలలోను కీర్తనలు పలికెను. చిక్కబళ్ళాపురము చెంతనున్న ముద్దేనహళ్ళిలో పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి ఇంట తెలుగే మాటాడెడివారు. బాగేపల్లికి భాగ్యనగరమని పేరు మార్చుటకు 2025లో కర్ణాటక మంత్రివర్గము నిశ్చయించినది గాని, జనుల నోట అది బాగేపల్లియే. రాగి, వేరుసెనగ, టొమాటో, పాడి, పట్టుపురుగుల పెంపకము ఈ సీమ జీవనాధారములు. పట్టుగూళ్ళను కొనువారు గూటిని వ్రేళ్ళ నడుమ నొక్కి, గట్టిదనమునుబట్టి దాని మేలుకీళ్ళు నిర్ణయించుట ఇచటివారికి నిత్యానుభవము. కంటికి ఒకేతీరున కనబడు రెండు గూళ్ళ భేదమును వ్రేలు తెలుపును. వైద్యుడు గడ్డను నొక్కి చూచుటయు అట్టిదే.

వైద్యమున ఈ స్పర్శపరీక్ష మిక్కిలి ప్రాచీనము. 1862లో ఎడ్విన్ స్మిత్ అను అమెరికా దేశీయుడు ఈజిప్టులోని లక్సరు నగరమున కొనిన పపైరస్ గ్రంథమును 1930లో బ్రెస్టెడ్ పండితుడు ఆంగ్లమున ప్రకటించెను. క్రీ.పూ. 1600 ప్రాంతమున వ్రాయబడిన ఆ ప్రతిలో, గాయముల కన్నిటికిని చికిత్సలు చెప్పుచు వచ్చిన గ్రంథకర్త, రొమ్మున ఉబ్బిన గడ్డల కడకు వచ్చునప్పటికి, చేయిపెట్టి చూచినచో అవి చల్లగా తగులుననియు, వానికి చికిత్స లేదనియు చెప్పి విడిచినాడు. మన సుశ్రుతసంహిత నిదానస్థానమున పదునొకండవ యధ్యాయము గ్రంథులను, అర్బుదములను గూర్చినది. అర్బుదము గుండ్రనిది, స్థిరమైనది, లోతైన మూలము గలది, మెల్లగా పెరుగునది, చీము పట్టనిది, స్వల్పముగా మాత్రమే నొప్పించునది యని అందలి సారాంశము. స్థిరత్వము, మూలము అనునవి కంటికి కనబడు లక్షణములు కావు, వ్రేళ్ళకు తెలియవలసినవి.

స్వల్పముగా మాత్రమే నొప్పించుననిన లక్షణముకడ కొంత నిలువవలెను. రొమ్ము క్యాన్సరు తొలిదశలో చాలమందికి నొప్పి నీయదు. నొప్పిలేని గడ్డను స్త్రీలు నెలల తరబడి ఎవరికిని చెప్పకుండుట వైద్యులందరు ఎరిగినదే. నొప్పి గలిగిన గడ్డకు మందు వెదకుదురు. నొప్పిలేనిదానిని "అదే పోవునులే" యని విడిచెదరు. ప్రాచీనులు గుర్తించిన అపాయలక్షణమే నేటికిని మనవారికి ధైర్యకారణమగుచున్నది. ఇంకొక సంగతియు ఇచటనే చెప్పవలెను. రొమ్మున కనబడు గడ్డలలో ఎక్కువభాగము క్యాన్సరు కావు. యౌవనమున వచ్చు ఫైబ్రోఎడినోమా లనెడి జారుడుగడ్డలు, నీటితిత్తులు, పాలగడ్డలు మున్నగునవే యధికము. కావున వైద్యుని పని క్యాన్సరును పట్టుటతో తీరదు. కానిదానిని కాదని తేల్చి, ఆ యింటివారి భయమును పోగొట్టుటయు అతని పనియే.

ఈ సీమలో భాషావిషయము కూడ కొంత ఆలోచింపదగినది. గట్టి, మెత్త యను మాటలు తెలుగు కన్నడములు రెండింట నున్నవి. గడ్డ యని మనమనగా వారు గడ్డె యందురు. గంటు అను మాట మాత్రము కన్నడమున ముడి, మూట, గడ్డ యను నర్థములలో వాడుక; తెలుగున దానికి గాటు అను నర్థమును కలదు. రెండు భాషలు తెలిసిన ఈ ప్రాంతపు స్త్రీకి ఇది పెద్ద చిక్కు కాదు గాని, ఎదుటనున్న వైద్యునికి రెండవ భాష రానప్పుడు సిగ్గుతో సగము చెప్పిన మాట సగమే చేరును. యంత్రము అడుగు ప్రశ్న మాత్రము అదృష్టవశమున రెండు భాషలకును ఉమ్మడియైన మాటలలోనిదే.

చేతికి తెలిసిన గట్టిదనమును అంకెగా చెప్పుటకు ముందు, గట్టిదనమనగా నేమో నిర్వచింపవలసి యుండెను. ఒక వస్తువును కొంత బలముతో నొక్కినప్పుడు అది ఎంత కుంచించుకొనునో చూచి, బలమును కుంచింపుతో భాగించినచో వచ్చునది ఆ వస్తువు స్థితిస్థాపక గుణకము. దీనికి యంగ్ గుణకమని పేరు వచ్చుటకు కారకుడు 1807లో తన ఉపన్యాసములను ప్రకటించిన థామస్ యంగ్. ఇనుము, కఱ్ఱలకు సంబంధించిన గుణకమునకు పేరుపడిన ఈయన వృత్తిరీత్యా లండనులో వైద్యుడు. ఆ గుణకము రొమ్ముగడ్డలకడకు వచ్చుటకు మాత్రము మఱి దాదాపు రెండువందల యేండ్లు పట్టినది.

ఈ నడుమ అతిధ్వని శాస్త్రము పుట్టినది. 1880లో పారిస్ నగరమున జాక్ క్యూరీ, పియర్ క్యూరీ సోదరులు కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టునని కనుగొనిరి. విద్యుత్తు నిచ్చినచో ఆ స్ఫటికములే కంపించును. మొదటి ప్రపంచయుద్ధమున లాంజెవిన్ ఈ ధర్మమునే యుపయోగించి, చెవికి వినబడని ధ్వనిని నీటిలోనికి పంపి, జలాంతర్గాములనుండి తిరిగివచ్చు ప్రతిధ్వనిని పట్టుటకు యత్నించెను. రెండవ యుద్ధానంతరము అమెరికాలోని మినియాపొలిస్ నగరమున జాన్ వైల్డ్ అను ఆంగ్ల శస్త్రవైద్యుడు, జాన్ రీడ్ అను ఇంజనీరు తోడ్పాటుతో, ఆ ప్రతిధ్వని పద్ధతిని దేహముపై ప్రయోగించెను. వైల్డ్ మొదట తలపెట్టినది ప్రేగుగోడ మందము కొలుచుట. మెల్లగా అతని దృష్టి కంతులవైపు మరలినది. 1952లో వారిరువురు బ్రదికియున్న స్త్రీల రొమ్ముగడ్డల ప్రతిధ్వనులను ప్రకటించిరి. ఆవిధముగా రొమ్ము అతిధ్వని పరీక్షకు తొలినాటి క్షేత్రములలో నొకటి. 1958లో గ్లాస్గో నగరమున ఇయాన్ డొనాల్డ్ ఉదరమందలి గడ్డలను ఈ తీరుననే పరీక్షించి, నీటితిత్తి యేదో, ఘనమైన కంతి యేదో వేఱుపఱచి చూపెను. రొమ్మువిషయమునను ఈ పరీక్ష చిరకాలము చేసిన పని ముఖ్యముగ అదియే: లోపల నీరా, కండయా యని చెప్పుట.

ఈ కథలో మన దేశపు అధ్యాయము నొకదానిని పలువురు మఱచినారు. అతిధ్వని తరంగములు ద్రవమునందు ప్రయాణించుచుండగా వానిగుండ పోవు కాంతి పాయలు పాయలుగా చీలునని 1932లో అమెరికా, ఫ్రాన్సు దేశములలో కనుగొనిరి. దాని కారణమును గణితముతో వివరించినవారు బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులోని చంద్రశేఖర వెంకట రామన్, నాగేంద్రనాథులు. 1935, 1936 సంవత్సరములలో వెలువడిన ఆ సిద్ధాంతమునకు నేటికిని రామన్-నాథ్ సిద్ధాంతమనియే పేరు. చిక్కబళ్ళాపురమునకు అరువది కిలోమీటర్లలోపు దూరమున జరిగిన పని యిది. రామన్ శిష్యుడును, కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించినవాడును అగు సూరి భగవంతముగారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు అతిధ్వనితో ఘనపదార్థముల స్థితిస్థాపకతను కొలుచు పరిశోధనలు సాగించిరి. వారును, భీమసేనాచార్‌గారును కలిసి వజ్రము స్థితిస్థాపక గుణకములను అతిధ్వని పద్ధతిచేత నిర్ణయించి 1946లో లండను రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించిరి. భగవంతముగారు పిమ్మట 1957 మొదలు 1962 వరకు బెంగళూరులోని ఆ ఇన్‌స్టిట్యూటుకే డైరెక్టరుగా నుండిరి.

వజ్రమునకును రొమ్ముగడ్డకును సంబంధమేమని చదువరు లడుగవచ్చును. సూత్రము ఒక్కటే: పదార్థమునందు తరంగము పోవు వేగమునుబట్టి దాని గట్టిదనమును లెక్కకట్టుట. వజ్రము గుణకము లక్షకోట్ల పాస్కల్‌ల పైమాట. అందు తరంగముల వేగము సెకనుకు పది కిలోమీటర్లను మించును. రొమ్మునందలి క్రొవ్వు, పాలగ్రంథులు వేల పాస్కల్‌ల లెక్కలోనివి. క్యాన్సరు కంతి లక్షకు అటునిటు. రెండు కొసలు ఇంత దూరమున నున్నను కొలబద్ద యొకటే. వజ్రమును కొలిచినవారు వైద్యము నుద్దేశించి ఆ పని చేసిరనుట నా యభిప్రాయము కాదు. ఎలాస్టోగ్రఫీకి వలయు భౌతికశాస్త్రము మనకు పరాయిది కాదనియే చెప్పుచున్నాను.

అట్లయిన వైల్డ్ కాలముననే రొమ్ముగడ్డ గట్టిదనమును ఏల కొలువలేకపోయిరి? ఇందొక మెలిక యున్నది. సాధారణ అతిధ్వని తరంగము పదార్థమును ముందువెనుకలకు అణచుచు పోవునది. మన దేహమందలి మెత్తని భాగము లన్నియు చాలవరకు నీటితో కూడినవి. నీటిని అణచుట యెంత కష్టమో వీనిని అణచుటయు అంతే కష్టము. కావున ఆ తరంగము క్రొవ్వునందైనను, క్యాన్సరునందైనను సెకనుకు సుమారు 1540 మీటర్ల వేగముననే, కొద్ది తేడాలతో, పోవును. వ్రేలికి తెలియు గట్టిదనము వేఱు. అది ఆకారము మారుటను ఎదిరించు శక్తి. నీరు నిండిన తోలుతిత్తిని అణచి చిన్నది చేయలేము గాని ఆకారమును సులభముగ మార్చగలము. ఈ ఆకారపు మార్పును మోసికొనిపోవునది తిర్యక్ తరంగము. ఇంగ్లీషువారు షియర్ తరంగ మందురు. గట్టిదనమునుబట్టి దాని వేగము ఎంతయో మారును. కాని అది దేహమునందు సెకనుకు ఒకటి మొదలు పది మీటర్ల వేగమున నడచి, కొలది దూరములోనే అణగిపోవును. దానిని పట్టుకొను ఉపాయము ఆనాడు లేదు.

మొదటి ఉపాయము తరంగమును కొలువక, వ్రేలు చేయు పనినే అనుకరించినది. 1980ల చివర అమెరికాలోని రోచెస్టరునందు లెర్నరు, పార్కరు అనువారు దేహభాగమును బయటినుండి కంపింపజేసి, గట్టి కంతి ప్రక్కవానికన్న తక్కువ కంపించుటను అతిధ్వనితో చూచిరి. 1991లో టెక్సాసు రాష్ట్రపు హ్యూస్టన్ నగరమున జొనాథన్ ఓఫిర్ బృందము ప్రకటించిన వ్యాసము ఈ విద్యకు ఎలాస్టోగ్రఫీ యను నామకరణము చేసినది. వారి పద్ధతి మిక్కిలి సరళము. నొక్కకముందు ఒకమారు, కొద్దిగా నొక్కి మఱియొకమారు ప్రతిధ్వనులను గ్రహింతురు. రెండింటిని సరిపోల్చి ఏ భాగము ఎంత కుంచించుకొన్నదో లెక్కగట్టుదురు. మన రాగిసంకటి ముద్దలో చింతగింజ యొకటి చిక్కినదనుకొందము. ముద్దను అరచేత నొక్కినచో సంకటి అణగును, గింజ అణగదు. ఏది యెంత అణగినదో బొమ్మగా వ్రాసినచో, సంకటియు గింజయు ఒకే రంగున నున్నను గింజ స్పష్టముగా వేఱుపడి కనబడును. అదియే ఎలాస్టోగ్రాము.

ఆ 1991 నాటి వ్యాసకర్తలు ఐదుగురు. వారిలో మూడవ పేరు హరి పొన్నెకంటి. అచ్చ తెలుగున తొలి కావ్యమైన యయాతిచరిత్రము వ్రాసిన పొన్నిగంటి తెలగన్నను ఎరిగిన తెలుగువారికి ఈ యింటిపేరు వినినంతనే చెవి నిక్కును. పొన్నెకంటివారు అటుపిమ్మట 1992, 1995 సంవత్సరములలో ప్రథమ రచయితగా ప్రకటించిన వ్యాసములు ఈ పద్ధతి యాంత్రికసూత్రములను, దాని హద్దులను విచారించినవి. పైనుండి నొక్కిన ఒత్తిడి లోలోతులకు పోను పోను ఎట్లు తగ్గును, గట్టి మెత్తల భేదము బొమ్మలో ఎంతవరకే కనబడగలదు అనునట్టి ప్రశ్నలవి. కొత్త యంత్రమునకు శక్తిని వర్ణించువారు చాలమంది యుందురు. దాని అశక్తతకు లెక్క చూపువారు తక్కువ. ఈ రెండవ పనిలో మన యింటిపేరొకటి కనబడుట నాకు ఎక్కువ సంతోషము.

1997లో గారా మొదలగువారు ఈ పద్ధతిని రోగులపై ప్రయోగించి తొలి ఫలితములను ప్రకటించిరి. అందు విచిత్రమైన విషయమొకటి బయటపడినది. క్యాన్సరు కంతి సాధారణ అతిధ్వని చిత్రమునకన్న ఎలాస్టోగ్రామునందు పెద్దదిగా కనబడినది. ఫైబ్రోఎడినోమా అట్లు పెరుగలేదు. కారణము ఊహింపదగినదే. క్యాన్సరు తన చుట్టునున్న కండను గూడ నారపట్టించి బిగించును. ఆ బిగువు కంటికి కనబడదు గాని నొక్కినప్పుడు తెలియును. శస్త్రవైద్యులు కత్తి పెట్టినప్పుడు కంతి తాము చిత్రమున చూచినదానికన్న పెద్దదిగా చేతికి తగులుటకు కారణము ఇదే.

జపానులోని త్సుకుబా విశ్వవిద్యాలయ వైద్యులు దీనిని ఆసుపత్రి మంచముకడకు తెచ్చిరి. 2003 ప్రాంతమున హిటాచీ సంస్థ యంత్రములో ఈ చిత్రము అప్పటికప్పుడు కదలుచు కనబడు ఏర్పాటు వచ్చినది. 2006లో ఇటో, ఉయెనో మున్నగువారు 111 మంది స్త్రీలను పరీక్షించి, ఒకటి మొదలు ఐదు వరకు గల మార్కుల పద్ధతిని ప్రకటించిరి. గడ్డయంతయు చుట్టుపట్ల కండవలెనే అణగినచో ఒకటి. గడ్డయంతయు అణగనిచో నాలుగు. గడ్డయేకాక దాని చుట్టునున్న భాగము కూడ అణగనిచో ఐదు. నాలుగు, ఐదు వచ్చినవానిని క్యాన్సరుగా లెక్కించినప్పుడు, నిజముగా క్యాన్సరైనవానిలో నూటికి 86.5 పట్టుబడినవి, కానివానిలో నూటికి 89.8 కాదని తేలినవి. అనగా పట్టుబడక తప్పిపోయినవియు కలవు. ఈ సంగతిని చదువరులు గుర్తుంచుకొనగోరెదను.

నొక్కుట చేతిపని గనుక, నొక్కువారినిబట్టి చిత్రము మారును. ఎక్కువ నొక్కినచో క్రొవ్వు కూడ గట్టిపడి భేదము చెరిగిపోవును. ఈ లోపమును తీర్చుటకై తిర్యక్ తరంగమును పట్టు ప్రయత్నములు సాగినవి. 1998లో సర్వజ్యాన్ మొదలగువారు అతిధ్వని కిరణమునే ఒకచోట కేంద్రీకరించి, దాని త్రోపుడుతో దేహములోపలనే తిర్యక్ తరంగమును పుట్టింపవచ్చునని ప్రతిపాదించిరి. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమున నైటింగేల్ బృందము అట్టి త్రోపుడును రోగపరీక్షకు అనువుపఱచినది. పారిస్‌లో ఫింక్, టాంటర్, బెర్కాఫ్ మున్నగువారు 2004లో ప్రకటించిన పద్ధతి ఇంకను చమత్కారమైనది. త్రోపుడు స్థానమును వారు లోపలికి అతివేగముగ జరుపుదురు. ధ్వనిని మించి పోవు విమానము వెనుక శంఖాకారపు అల పుట్టినట్లు, తిర్యక్ తరంగమును మించి జరుగు ఈ త్రోపుడు వెనుక అల లేచును. సెకనుకు వేలకొలది చిత్రములు తీయు యంత్రము ఆ అల నడకను చూచి వేగమును లెక్కించును. ఆ వేగమును వేగముతోనే గుణించి, దానిని సాంద్రతతోను మూటితోను హెచ్చించినచో యంగ్ గుణకము వచ్చును. లండను వైద్యుని గుణకము ఇట్లు తిరిగి వైద్యమునకు చేరినది.

2012లో బెర్గ్ మొదలగువారు అమెరికా, యూరపులలోని పెక్కు కేంద్రములలో 939 గడ్డలను ఈ పద్ధతిని పరీక్షించిన ఫలితమును ప్రకటించిరి. 80 కిలోపాస్కల్‌లు, అనగా సెకనుకు 5.2 మీటర్ల వేగము, హద్దుగా పెట్టుకొని, అనుమానము స్వల్పముగా నున్న గడ్డల విషయమున మాత్రము ఈ యంకెను అనుసరించిరి. సాధారణ అతిధ్వనితో నూటికి 61.1గా నున్న ప్రత్యేకత, అనగా క్యాన్సరు కానిదానిని కాదని చెప్పగల శక్తి, 78.5 అయినది. దీనినిబట్టి ఈ విద్య స్వరూపము తెలియుచున్నది. ఇది క్యాన్సరును వెదకు దివిటీ కాదు. దొరికిన గడ్డకు సూది పొడువవలెనా, ఆరునెలలు కనిపెట్టి చూడవచ్చునా యను సందేహమున సలహా చెప్పు సాక్షి. 2013లో అమెరికా రేడియాలజీ కాలేజీవారు తమ రొమ్ముపరీక్ష నిఘంటువు ఐదవ కూర్పున మెత్తన, మధ్యస్థము, గట్టి యను మూడు మాటలను చేర్చిరి గాని, గడ్డ ఆకారము, అంచు అనుమానకరముగా నున్నప్పుడు మెత్తదనమును చూచి ఊరకుండవచ్చునని చెప్పలేదు.

చెప్పకపోవుటకు కారణమున్నది. క్యాన్సరు లన్నియు గట్టివి కావు. జిగురుపదార్థము నిండిన మ్యూసినస్ క్యాన్సరులు, పాలనాళములు దాటి బయటికి రాని తొలిదశ క్యాన్సరులు మెత్తగా నుండవచ్చును. గట్టివన్నియు క్యాన్సరులు కావు. సున్నము పేరుకొన్న పాత ఫైబ్రోఎడినోమాలు, దెబ్బతగిలి చచ్చిన క్రొవ్వు, పాత శస్త్రచికిత్స మచ్చలు రాయివలె నుండవచ్చును. నీటితిత్తిలో తిర్యక్ తరంగము నడువదు గనుక అచట అంకెయే రాదు. నొక్కు పద్ధతిలో మాత్రము తిత్తి ఒక విశేషమైన రంగుల వరుసతో తన్ను తాను చెప్పుకొనును. అంతిమ నిర్ణయము నేటికిని ముక్కపరీక్షదే, అనగా సూదితో చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిక్రింద చూచుటదే. యంత్రము మెత్తనన్నదని ముక్కపరీక్ష మానుకొనుట, వైద్యుడు చేయించుకొమ్మనినప్పుడు, అపాయకరము.

ఇక మన మూడు తాలూకాల విషయము. చిక్కబళ్ళాపురమున లండన్ మిషన్‌వారి ఆసుపత్రి ఇరువదవ శతాబ్దపు పూర్వభాగమునుండి ఈ సీమ స్త్రీలకు ఆశ్రయమైనది. క్యాన్సరునకు ప్రత్యేకమైన పెద్ద వైద్యాలయము 1973లో బెంగళూరున ఏర్పడిన కిద్వాయి స్మారక సంస్థ. అచటనే 1982నుండి బెంగళూరు క్యాన్సరు లెక్కల పట్టిక నడచుచున్నది. ఒకప్పుడు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు మొదటిస్థానమున నుండగా, తరువాత రొమ్ము క్యాన్సరు దానిని దాటినట్లు ఆ పట్టిక తెలుపును. కోలారు వద్ద టమకలో 1986నుండి వైద్యకళాశాల కలదు. చిక్కబళ్ళాపురమున ప్రభుత్వ వైద్యకళాశాల ఏర్పడినది. ముద్దేనహళ్ళిలో 2023లో మఱియొక వైద్యకళాశాల ప్రారంభమైనది. బాగేపల్లి హైదరాబాదు రాజమార్గమున బెంగళూరునకు సుమారు నూరు కిలోమీటర్లు. చింతామణి డెబ్బదికి పైబడి. దారి మంచిదే. గడ్డ తగిలిన దినమునకును ఆ దారి పట్టిన దినమునకును నడుమ గడచు కాలమే చిక్కు.

ఆ కాలమును తగ్గించునది ఎలాస్టోగ్రఫీ కాదని నా నిశ్చితాభిప్రాయము. ముంబయిలో టాటా స్మారక వైద్యాలయమువారు 1998లో ప్రారంభించి, 2021లో ఫలితములు ప్రకటించిన మహాపరిశోధన యొకటి కలదు. 35 మొదలు 64 సంవత్సరముల వయసు గల 1,51,538 మంది స్త్రీలు అందు చేరిరి. వారిలో సగము వాడలవారికి, డాక్టర్లు కాని, శిక్షణపొందిన స్త్రీ కార్యకర్తలు రెండేండ్ల కొకమారు చేతితో రొమ్ముపరీక్ష చేసిరి. పరీక్ష జరిగినవారిలో పట్టుబడిన క్యాన్సరులలో ముదిరిన దశలవి నూటికి 37; జరుగనివారిలో 47. మొత్తముమీద మరణములు నూటికి పదునైదు తగ్గినట్లు కనబడినను అది గణితరీత్యా స్థిరము కాలేదు. ఏబదేండ్లు, ఆపైబడినవారిలో మాత్రము దాదాపు ముప్పదివంతులు తగ్గినవి. కావలసిన పరికరము రెండు చేతులు. మన ప్రభుత్వము 2016లో వెలువరించిన విధానమున 30 మొదలు 65 ఏండ్ల స్త్రీల కందరికిని ఐదేండ్ల కొకమారు ఇట్టి పరీక్ష జరుగవలెనని యున్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మాత్రము, 30 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో తమకు ఎన్నడైన రొమ్ముపరీక్ష జరిగినదని చెప్పినవారు దేశము మొత్తముమీద నూటికి ఒక్కరు కూడ లేరు, 0.9.

ఇట్లనుటచేత యంత్రము వ్యర్థమని నా తాత్పర్యము కాదు. చేయి కనుగొనిన గడ్డలలో ఎక్కువభాగము క్యాన్సరు కావని ముందే చెప్పితిని. చేతిపరీక్ష విస్తరించినకొలది అట్టి గడ్డలు ఎక్కువగా బయటపడును. ప్రతిదానికిని బెంగళూరు ప్రయాణము, సూదిపోటు, ఫలితమునకై నిదురలేని రాత్రులు తప్పవన్నచో స్త్రీలు పరీక్షకే రారు. పాశ్చాత్య దేశములతో పోల్చిన మన దేశమున రొమ్ము క్యాన్సరు తక్కువ వయసులోనే వచ్చుచున్నది. పడుచువారి రొమ్ము ఎక్స్‌రే చిత్రమున తెల్లగా కప్పుకొనిపోవును గనుక వారికి అతిధ్వనియే తగిన సాధనము. అచటనే గట్టిమెత్తల అంకె కూడ దొరికినచో, సూది తప్పించుకొనగలవారు కొందరుందురు. చేయి ముందు, యంత్రము వెనుక; ఈ వరుస తప్పరాదు.

యంత్రమును బండిలో పెట్టుకొని గ్రామ గ్రామమునకు త్రిప్పరాదా యని పలువురు అడుగుచుందురు. ఇందుకు చట్టపు కట్టుబాటు కలదు. గర్భస్థశిశువు ఆడా మగా యని చెప్పుటను నిషేధించిన 1994 నాటి చట్టము ప్రకారము ప్రతి అల్ట్రాసౌండు యంత్రమును, దాని స్థలమును నమోదు చేయించవలెను. ఊరూర త్రిప్పు యంత్రములకు మఱింత కట్టడి యున్నది. రొమ్మును చూచు యంత్రమే ప్రోబు మార్చినచో గర్భమును గూడ చూడగలదు. ఆడశిశువులను కాపాడుటకు పుట్టిన చట్టము వారి తల్లుల రొమ్ముపరీక్షను దూరము చేయుట విధివైపరీత్యమే యైనను, ఆ చట్టమును సడలింపుమని నేను కోరను. రోగియే యంత్రముకడకు పోవలెను.

పోవువారికి ఒక చిన్న విషయము. ఎలాస్టోగ్రఫీ చిత్రమునందు రంగుల అర్థము అన్ని యంత్రములలో ఒకటి కాదు. జపాను పద్ధతి యంత్రములలో నీలము గట్టిదనమునకు, ఎఱుపు మెత్తదనమునకు గుర్తు. ఫ్రెంచి పద్ధతి తిర్యక్ తరంగ యంత్రములలో ఎఱుపే గట్టిదనము. చిత్రము ప్రక్కనే ఏ రంగు దేనికో తెలుపు పట్టీ యొకటి యుండును. బాగేపల్లినుండి గాని చింతామణినుండి గాని రెండవ వైద్యుని కడకు పోవువారు అసలు చిత్రమునే, ఆ పట్టీ చెడకుండ, వెంట గొనిపోవలెను. నలుపు తెలుపు జెరాక్సు ప్రతిలో ఎఱుపును నీలమును రెండును ఒకే బూడిదవన్నెగా పడును.